ఆహారం, జాతి అస్తిత్వం: ‘వుల్ఫ్ టోటెమ్’ నవలపై ఒక పరిశీలన

పరిచయం

నవలలో పాత్రలు ఏం తింటున్నాయో విమర్శకులు సాధారణంగా పట్టించుకోరు. ప్రేమ గురించి, భూమి గురించి, అధికారం గురించి పేజీలకొద్దీ రాస్తారు. భోజనం దగ్గరికి వచ్చేసరికి ‘వాతావరణ చిత్రణ’ అని ఒక మాట అనేసి ముందుకు వెళ్ళిపోతారు. ఈ పాఠంలో మనం అక్కడే ఆగుదాం. జియాంగ్ రొంగ్ అనే చైనా రచయిత రాసిన ‘వుల్ఫ్ టోటెమ్’ నవలను అందులోని తిండి ద్వారా చదువుదాం. పక్కపక్కనే బతుకుతున్న మంగోల్, హాన్ ప్రజల మధ్య ఈ నవల ఒక గీత గీసింది. మాంసం తినేవారు ఒకవైపు, ధాన్యం తినేవారు ఇంకోవైపు. ఆ గీత ఎంతవరకు నిజం, దాన్ని గీసినది ఎవరు అన్నవే మన ప్రశ్నలు.

ముందు కొంత నేపథ్యం. మంగోలియా అనే స్వతంత్ర దేశం వేరు, చైనాలో అంతర్భాగంగా ఉన్న ఇన్నర్ మంగోలియా వేరు. విద్యార్థులు జవాబు పత్రాల్లో ఈ రెండింటినీ తరచుగా కలిపేస్తుంటారు. ఇన్నర్ మంగోలియా స్వయంపాలిత ప్రాంతం 1947లో ఏర్పడింది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ ఉన్నవారు సుమారు 2 కోట్ల 40 లక్షలు. వారిలో మంగోలులు నూటికి 18 మందికి లోపే. హాన్‌లు దాదాపు 79 మంది. అంటే ప్రాంతం పేరు మంగోలులది, సంఖ్యాబలం హాన్‌లది. ఇలాంటి చోట నేను ఎవరిని అన్న ప్రశ్న పండుగనాడు మాత్రమే వచ్చేది కాదు. రోజూ పొయ్యి దగ్గర కూడా వస్తుంది.

రచయిత అసలు పేరు లూ జియామిన్. ఆయన బీజింగ్‌కు చెందిన హాన్. సాంస్కృతిక విప్లవ కాలంలో చదువుకున్న పట్టణ యువతను పల్లెలకు, సరిహద్దు ప్రాంతాలకు పంపారు కదా, అలా 1967లో ఇన్నర్ మంగోలియా పచ్చిక మైదానాలకు వెళ్ళి, పదేళ్ళకు పైగా అక్కడ ఉన్నారు. ఆ అనుభవంతో రాసిన నవల 2004లో వెలువడి లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. 2007లో మ్యాన్ ఏషియన్ సాహిత్య బహుమతిని మొదటిసారి ఇచ్చినప్పుడు అది ఈ నవలకే దక్కింది. హోవర్డ్ గోల్డ్‌బ్లాట్ చేసిన ఇంగ్లీషు అనువాదం 2008లో వచ్చింది. కథానాయకుడు చెన్ జెన్ దాదాపు రచయిత ప్రతిరూపమే. అతనికి గురువుగా నిలిచే మంగోల్ వృద్ధుడు బిల్గీ. టోటెమ్ అంటే ఒక తెగ తన మూలంగానో రక్షకునిగానో భావించే జంతువు లేదా చెట్టు అని సమాజశాస్త్ర పాఠంలో చదివే ఉంటారు.

నవలలో రెండు గొంతులు

ఈ నవలలో రెండు గొంతులు వినిపిస్తాయి. ఒకటి కథ చెప్పే గొంతు, రెండోది ఉపన్యాసం ఇచ్చే గొంతు. వీటిని విడదీసి వినడం అలవాటు చేసుకోండి.

ఉపన్యాసం ఏమంటుందంటే, పశువుల మందల మీద బతికే జాతి తోడేలు స్వభావం కలది, నేల దున్ని బతికే జాతి గొర్రె స్వభావం కలది. చైనా చరిత్రలో వచ్చిన బలహీనతలకు కారణం వ్యవసాయం అలవాటు చేసిన ఆ మెత్తదనమే. పడమటి దేశాల బలం వెనుక ఉన్నదీ పశుపోషకుల వారసత్వమే. నవల చివర చేర్చిన సుదీర్ఘమైన చర్చలో ఈ వాదం బాహాటంగా కనిపిస్తుంది. మధ్యలోనూ చెన్ జెన్ నోట అక్కడక్కడా వినిపిస్తుంది. స్థూలంగా చెప్పాలంటే, ఏం తిని బతుకుతారో అదే రక్తమవుతుంది, ఆ రక్తమే జాతి గుణమవుతుంది అన్నమాట.

ఒకసారి కాంటాక్ట్ తరగతిలో ఈ భాగం చెప్తుంటే వెనక బెంచీలోని ఒక విద్యార్థి లేచి, “అయితే సార్, మాంసం తింటే ధైర్యం వస్తుందంటారా?” అని అడిగాడు. తరగతి నవ్వింది. నేను నవ్వలేదు. నవలలో సగం వాదం ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

ఇప్పుడు కథ చెప్పే గొంతు వినండి. నవల ఆరంభంలోనే ఒక గొప్ప ఘట్టం ఉంది. చెన్ జెన్, బిల్గీ మంచులో దాక్కుని తోడేళ్ళ వేటను చూస్తుంటారు. జింకల మంద కడుపునిండా మేసి పరుగెత్తలేని స్థితికి వచ్చేదాకా తోడేళ్ళు ఓపికగా కాచుకుని, తర్వాత వాటిని లోతైన మంచులోకి తరుముతాయి. మంచులో కూరుకుపోయి గడ్డకట్టిన జింకలలో కొన్నింటిని మరునాడు మంగోలులు తమ కోసం తీసుకుంటారు. మొత్తం తీసుకోరు. వేటాడినవి తోడేళ్ళు కనుక వాటి వాటా వాటికి వదలాలని బిల్గీ పట్టుబడతాడు. ఇక్కడ తిండి శరీరంలో కలిసే పోషకం మాత్రమే కాదు, వాటాల లెక్క కూడా. ఎవరికెంత, ఎప్పుడు, ఎంత మిగల్చాలి అన్నదే విషయం. బిల్గీ దృష్టిలో గడ్డిదే పెద్ద ప్రాణం, దాన్ని నమ్ముకున్న జంతువులూ మనుషులూ చిన్న ప్రాణాలు.

ఉడతజాతికి చెందిన మర్మోట్ అనే బొరియ జంతువు వేట ఘట్టంలోనూ ఇదే కనిపిస్తుంది. స్థానికులు పిల్లలతో ఉన్న తల్లిని వదిలేస్తారు. బయటినుంచి వచ్చిన కూలీలు బొరియ మొత్తాన్ని ఊడ్చేస్తారు. సరస్సులోని హంసలను కొట్టి కూర వండుకునేదీ వాళ్ళే. స్థానికులకూ కూలీలకూ తేడా మాంసం దగ్గర లేదని గమనించండి. ఇద్దరూ తింటున్నది మాంసమే. తేడా ఎక్కడ ఆగాలో తెలియడంలో ఉంది. అంటే రచయిత ఘట్టాలు ఒక మాట చెబుతుంటే ఆయన ఉపన్యాసం మరో మాట చెబుతోంది. నేను ఘట్టాల పక్షం.

పెరుగు గెలిచింది, టీ ఓడింది

మాంసం, పాలు ఒకవైపు, ధాన్యం, టీ మరోవైపు అనే విభజన జియాంగ్ రొంగ్ కనిపెట్టింది కాదు. చైనాలో అది చాలా పాత అలవాటు. యాంగ్ షువాన్‌జీ 547లో లువోయాంగ్ నగరపు బౌద్ధ ఆరామాల గురించి రాసిన గ్రంథంలో వాంగ్ సు అనే ఒక కాందిశీకుడి కథ ఉంది. దక్షిణ రాజ్యంలో తండ్రిని చంపేయగా అతను 493లో పారిపోయి ఉత్తరాన ఉన్న వెయ్ రాజ్యానికి చేరాడు. ఆ రాజ్యాన్ని ఏలుతున్నవారు షియాన్‌బే అనే సంచార మూలాలున్న ప్రజలు. వారు మంగోలులు కారు, కాని స్టెప్పీ మైదానం నుంచి వచ్చినవారే. మొదట్లో వాంగ్ సు వారి గొర్రెమాంసాన్ని, పులియబెట్టిన పాలను ముట్టలేదు. చేపల పులుసు తినేవాడు, దాహమైతే టీ తాగేవాడు. ఎంత టీ తాగేవాడంటే కారిపోయే పాత్ర అని ఊరివాళ్ళు ఎగతాళి చేసేవారట.

కొన్నేళ్ళకు షియావోవెన్ చక్రవర్తి ఇచ్చిన విందులో అతను గొర్రెమాంసం, పెరుగు గంజి బాగా లాగించాడు. చక్రవర్తి ఆశ్చర్యపోయి, మా తిండి మీ తిండితో పోలిస్తే ఎలా ఉంది అని అడిగాడు. నేల మీద గొర్రె గొప్పది, నీటిలో చేప గొప్పది, రుచులు వేరైనా రెండూ విలువైనవే అని వాంగ్ సు సర్దిచెప్పాడు. టీ మాత్రం పెరుగుకు బానిసగానైనా పనికిరాదన్నట్టు మాట్లాడాడు. ఆ తర్వాత ఆ రాజ్యంలో టీకి ‘పెరుగు బానిస’ అన్న పేరు స్థిరపడింది.

ఈ కథను చాలామంది చమత్కారంగా చెప్పుకుంటారు. నాకు ఇందులో చమత్కారం కన్నా భయం ఎక్కువగా కనిపిస్తుంది. ఇల్లు పోగొట్టుకుని పరాయి ప్రభువు పంచన చేరిన మనిషి తన ఊరి పానీయాన్ని అందరి ముందు కించపరిచి చోటు సంపాదించుకున్నాడు. నాలుక రుచి ఒకరోజులో మారదు, మాట మారుతుంది. ఎవరి తిండి గొప్పదన్న తీర్పు వెనుక రాజ్యం ఎవరిది అన్న ప్రశ్న ఉంటుందని ఇంతకన్నా బాగా చెప్పే ఉదాహరణ నాకు దొరకలేదు.

అధికారం తిండి మీదికి ఇంకా కఠినంగా వచ్చిన సందర్భం మంగోలుల కాలంలోనే ఉంది. గొర్రెను కోసే పద్ధతి మంగోలులకు ప్రత్యేకం. గొంతు కోయరు. రొమ్ము కింద చిన్న గాటు పెట్టి, చేయి లోపలికి పోనిచ్చి, గుండె నుంచి వెళ్ళే పెద్ద రక్తనాళాన్ని తెంపుతారు. నెత్తురు నేల మీద పడకూడదు. తర్వాత దాన్ని తీసి పేగుల్లో నింపి వండుకుంటారు. ముస్లింల పద్ధతి దీనికి నేరుగా విరుద్ధం. తన ఆస్థానంలో వడ్డించిన మాంసాన్ని ముస్లిం అతిథులు తినలేదని ఆగ్రహించిన కుబ్లాయ్ ఖాన్ 1280 ప్రాంతంలో గొంతు కోసి జంతువును చంపడాన్ని నిషేధించాడు. ఆజ్ఞ జారీ చేసింది మంగోల్ చక్రవర్తి, ఇబ్బంది పడింది అతని ప్రజల్లో ఒక వర్గం. మంగోలులను ఎప్పుడూ బాధితులుగానే చూపే రచనలను చదివేటప్పుడు ఇది గుర్తుండాలి.

అదే వంశపు ఆస్థానంలో 1330లో హు సిహుయ్ అనే వైద్యుడు ఆహార గ్రంథం ఒకటి సమర్పించాడు. దానిలోని వంటకాల్లో గొర్రెమాంసం పదేపదే వస్తుంది, కాని దానితో కలిసేవి చైనా ధాన్యాలు, పశ్చిమాసియా దినుసులు. ఒకటి రెండు పులుసులను భారతదేశపు వంటకాలని కూడా పేర్కొన్నాడు. ప్రజలకు కోత పద్ధతి మీద ఆంక్ష పెట్టిన రాజకుటుంబం తన గిన్నెలో మాత్రం ప్రపంచాన్నంతా కలుపుకుంది.

ఒకే కుండలో రెండూ

ఇప్పుడు ఇన్నర్ మంగోలియాలో ఒక మంగోల్ ఇంటికి ఉదయంపూట వెళ్ళామనుకోండి. ముందు ఇచ్చేది పాల టీ. గట్టిగా అచ్చుపోసిన టీ ఇటుక నుంచి ముక్క చిదిపి, నీళ్ళలో మరిగించి, పాలు పోసి, ఉప్పు వేస్తారు. పక్కన వేయించిన వరిగలు, మీగడ, ఎండబెట్టిన పెరుగు గడ్డలు ఉంటాయి. ఆ వరిగలను టీలో వేసుకుని నానబెట్టుకు తింటారు. మంగోల్ భోజనం అంటే ఏమిటని అడిగితే ఎవరైనా మొదట చెప్పేది ఇదే.

ఒక్కొక్కటీ ఎక్కడిదో చూడండి. ఆ టీ ఆకు స్టెప్పీలో పండదు. దక్షిణాన హుబే వంటి చోట్ల ఇటుకలుగా అచ్చుపోయగా షాన్షీ వ్యాపారులు ఒంటెల మీద ఉత్తరానికి తెచ్చేవారు. ఒక దశలో ఆ ఇటుకలే మైదానంలో డబ్బుగా చెల్లాయి. మన రాయలసీమ రైతుకు తెలిసిన వరిగలు కూడా పొలంలో పండేవే. అంటే వాంగ్ సు కథలో ఎదురెదురుగా నిలబడిన పెరుగూ టీ ఇక్కడ ఒకే కుండలో మరుగుతున్నాయి. అయినా ఇది మంగోల్ టీయే. ఎందుకు?

నార్వే మానవశాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ బార్త్ 1969లో ప్రతిపాదించిన ఆలోచన ఇక్కడ ఉపయోగపడుతుంది. జాతి అస్తిత్వం ఆ జాతి దగ్గర ఉన్న వస్తువుల్లో, ఆచారాల పట్టికలో ఉండదు, పక్కవారికీ తమకూ మధ్య కాపాడుకునే సరిహద్దులో ఉంటుంది అన్నాడాయన. వస్తువులు సరిహద్దు దాటి అటూ ఇటూ తిరుగుతాయి. ఏ వస్తువును గుర్తుగా ఎంచుకోవాలన్నది మనుషులు నిర్ణయిస్తారు. టీ ఆకు హాన్ నేలది కావచ్చు. దానిలో పాలు పోయడం, ఉప్పు వేయడం, మొదటి గరిటెను ఆకాశానికి చిలకరించడం, వచ్చినవాడు ఎవరైనా అడగకుండానే గిన్నె అందించడం, ఇవి మంగోల్. మాంసంలోనూ అంతే. గొర్రె భుజపు పలక ఎముక మీది మాంసాన్ని ఒక్కరే తినకూడదు, ఉన్నవారందరికీ కోసి పంచాలి. గొర్రెమాంసం హాన్‌లూ తింటారు. ఈ పంపకం మాత్రం వారికి లేదు.

బర్టన్ పాస్టర్నాక్, జానెట్ శాలఫ్ 1993లో ప్రచురించిన పరిశోధనను కూడా ఇక్కడ ప్రస్తావించాలి. ఇన్నర్ మంగోలియాలోని వ్యవసాయ ప్రాంతాలనూ పశుపోషక ప్రాంతాలనూ వారు పోల్చి చూశారు. పశువులు కాసే హాన్ కుటుంబాలు పని, ఇల్లు, కుటుంబ వ్యవహారాల్లో వ్యవసాయం చేసే హాన్‌ల కన్నా పక్కనున్న మంగోలులకే దగ్గరగా ఉన్నాయని తేలింది. జీవనాధారం జాతి పేరు కన్నా బలంగా పనిచేస్తుందని వారి వాదం. ‘వుల్ఫ్ టోటెమ్’ ఉపన్యాస భాగానికి ఇది గట్టి జవాబే. కాని నాకు ఇందులోనూ ఒక లోటు కనిపిస్తుంది. పొరుగువారి జీవితాలు ఒకేలా అయినంత మాత్రాన వేరు అన్న భావన పోదు. పెద్ద తేడాలు తగ్గినకొద్దీ చిన్న తేడాలకు విలువ పెరుగుతుంది. ఎవరు టీలో ఉప్పు వేస్తారో అప్పుడు ఇంకా పట్టింపవుతుంది.

దున్నే మంగోలు ఎవరు?

నవలలో నాకు అన్నింటికన్నా అభ్యంతరంగా తోచిన చోటు ఇది. పచ్చికను పాడుచేసే అధికారి బావో షున్‌గుయ్ హాన్ కాదు. అతనూ మంగోలే, తూర్పున ఉన్న వ్యవసాయ ప్రాంతపు మంగోల్. హంసలను వండుకున్న కూలీలు అతని ప్రాంతం నుంచి వచ్చినవారే. దున్నడం నేర్చుకున్న మంగోల్ ఇక మంగోల్ కాదన్న ధ్వని నవలంతటా ఉంది.

ఆ తూర్పు ప్రాంతాల మంగోలులు సరదాకి నాగలి పట్టలేదు. 19వ శతాబ్ది చివర నుంచి వలస వచ్చిన రైతులకు మేతభూములను తెరిచేస్తూ పోవడంతో, మందలు తిప్పడానికి చోటులేక చాలామంది సేద్యానికి మళ్ళారు. ఖోర్చిన్ ప్రాంతంలో గాదా మెయిరెన్ 1929లో భూముల ఆక్రమణకు వ్యతిరేకంగా తిరగబడి 1931లో ప్రాణాలిచ్చాడు. అతని మీద పాటలు ఇప్పటికీ పాడుకుంటారు. ఆ ప్రజలే ఈనాడు మొక్కజొన్న, బక్‌వీట్ అనే పంట పండించి తింటారు, మంగోల్ భాషలో మాట్లాడుకుంటారు. భూమి పోగొట్టుకున్నవాణ్ని చూసి, నీ తిండి మారింది కనుక నీ జాతి మారిందని బీజింగ్ నుంచి వచ్చిన రచయిత తీర్పు చెప్పడం ఏ రకమైన న్యాయం?

2015లో నవల ఆధారంగా జాన్ జాక్ అన్నో తీసిన సినిమా విడుదలైనప్పుడు గువో షుయెబో అనే మంగోల్ రచయిత బహిరంగంగా నిరసన తెలిపారు. తోడేలు ఏనాడూ మంగోలుల టోటెమ్ కాదని ఆయన వాదన. ఆయన వచ్చింది కూడా ఆ ఖోర్చిన్ నేల నుంచే. ఆయన కోపాన్ని తోడేలు గురించిన పండితుల తగాదాగా మాత్రమే చూస్తే సరిపోదు. తమ వారిని ఎవరు నిర్వచిస్తారన్నది ఆయన ప్రశ్న.

సీసాలోని పచ్చిక

తిండి గుర్తు ఒకరిదీ లాభం ఇంకొకరిదీ కావడం నవలకే పరిమితం కాదు. చైనాలోని అతిపెద్ద పాడి సంస్థల్లో రెండు, యీలి, మెంగ్‌నియు, పుట్టింది ఇన్నర్ మంగోలియా రాజధాని హోహోత్‌లో. 1999లో మొదలైన మెంగ్‌నియు పేరుకు అర్థమే ‘మంగోల్ ఆవు’. ఉడుకుతున్న పులుసులో పల్చటి గొర్రెమాంసం ముంచి తినే వంటకంతో లిటిల్ షీప్ అనే హోటళ్ళ సంస్థ కూడా అదే ఏడాది బావోతౌ నగరంలో మొదలై, 2012లో అమెరికా సంస్థ చేతికి వెళ్ళింది. మంగోలులు పాలతో చేసిన వాటిని ‘తెల్ల ఆహారం’ అంటారు. కొత్త సంవత్సరపు నెలకు ‘తెల్ల నెల’ అనే పేరు. అంతటి పాలు ఇప్పుడు పచ్చని మైదానం బొమ్మ వేసుకుని దేశంలోని ప్రతి దుకాణానికీ చేరాయి. ఇదే కాలంలో, 2000 తర్వాత, పచ్చికను కాపాడే పేరుతో మేతపై ఆంక్షలు పెట్టి అనేక పశుపోషక కుటుంబాలను మైదానాల నుంచి తరలించారు. కొందరిని కాలనీల్లో పెట్టి పాడి ఆవులు పెంచమన్నారు.

మన హైదరాబాదు హోటళ్ళ మెనూలో కనిపించే ‘మంగోలియన్’ వంటకాల సంగతి అడుగుతారేమో. మంగోలియన్ బార్బెక్యూ అన్నది 1951లో తైపేలో బీజింగ్ నుంచి వచ్చిన ఒక హాస్యకళాకారుడు మొదలుపెట్టిన వ్యాపారం. మంగోలులతో దానికున్న సంబంధం పేరొక్కటే.

మళ్ళీ తోడేలు పిల్ల దగ్గరికి

నవలలో చెన్ జెన్ ఒక తోడేలు పిల్లను బొరియ నుంచి తెచ్చి పెంచుతాడు. బిల్గీకి ఇది ఏమాత్రం నచ్చదు. తోడేలును కుక్కలా కట్టేసి తిండి పెట్టడం ఆయన దృష్టిలో అపచారం. చెన్ జెన్ వినడు. గొలుసు వేసి, కొర్రల గంజిలో మాంసం కలిపి పెడతాడు. రచయిత గొర్రెతనానికి గుర్తుగా చెప్పే ధాన్యం, తోడేలుతనానికి గుర్తుగా చెప్పే మాంసం, రెండూ ఆ గిన్నెలో ఉన్నాయి. పిల్ల ఆబగా తింటుంది. మకాం మార్చేటప్పుడు గొలుసు పట్టుకుని నడిపించబోతే మాత్రం ఒక్క అడుగు వేయదు. మెడ ఒరుసుకుపోయి నెత్తురు కారుతున్నా కాళ్ళు నేలకు తన్నిపెట్టి ఈడ్పించుకుంటుంది. చివరకు దాన్ని అంత ప్రేమించిన చెన్ జెన్ చేతిలోనే చనిపోతుంది.

గంజి తిన్నందుకు అది గొర్రె కాలేదు. ఉపన్యాసమంతా ఒకవైపు పెట్టి ఈ అధ్యాయాలను మళ్ళీ చదవండి. చదివేటప్పుడు గిన్నెలో ఏముందో కాక, గొలుసు ఎవరి చేతిలో ఉందో చూడండి.